మాదమ్మాళ్ కుడి మణికట్టు

ధర్మపురి దగ్గర మా ఏరియూరులో ఎవరి కాలు మడతపడినా, ఎవరి మెడ పట్టేసినా ఆసుపత్రికంటే ముందు మా మాదమ్మాళ్ అత్త ఇంటికే వచ్చేవాళ్లు. ఆమె మా నాన్నకు అక్క. పుట్టినప్పుడు తలకు బదులు కాళ్లు ముందు బయటికి వచ్చాయట. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేతికి బెణుకు తీసే గుణం ఉంటుందని మా వైపు నమ్మకం. బెణుకును మేము సుళుక్కు అంటాం. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అత్త మొదటిసారి ఒక ముసలామె చీలమండ నిమిరిందట. ఆ ముసలామె మర్నాడు పెన్నాగరం సంతకు నడిచిపోయిందట. అప్పటినుంచి ఆ కుడిచెయ్యి అత్త ఒక్కదానిదే కాదు.

వచ్చినవాళ్లు డబ్బు ఇవ్వకూడదు. రెండు తమలపాకులు, ఒక వక్క తెచ్చి గడప దగ్గర పెట్టాలి. ఎక్కువసార్లు తెచ్చినవాడు రంగనాథన్. పెన్నాగరం మినీబస్సులో కండక్టరు. ఏడాదికి రెండుసార్లయినా కాలు బెణికించుకునేవాడు.

"ఏంరా రంగా, మళ్లీ బస్సు నిలవకముందే దూకినావా?"

"లే అక్కా. బస్సు నిలిచింది. నేనే నిలవలేదు."

"కాలు ఇట్లా పెట్టు. అరిచేదుంటే గట్టిగా అరువు. సన్నంగా మూలిగితే నాకు చిరాకు."

గోరువెచ్చటి ఆముదం పూసి, పిక్క కిందనుంచి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చేది. ఒకచోట వేలు ఆగేది. అక్కడినుంచి ఆ పట్టును మెల్లగా కిందికి తోసి, మడమ దగ్గరికి రాగానే మణికట్టును ఒక్కసారి పైకి విదిలించేది. ఆ విదిలింపులోనే విద్య అంతా ఉందని ఆమె చెప్పేది. రంగనాథన్ కేక వేసి, కళ్లు తుడుచుకుని, లేచి నాలుగడుగులు వేసి నవ్వేవాడు.

తర్వాత అత్త దేన్నీ ముట్టుకోకుండా, పక్కన పెట్టుకున్న చెంబులో చెయ్యి ముంచేది. అందులో బూడిద కలిపిన నీళ్లుండేవి. అలా కడగకపోతే తీసిన సుళుక్కు తీసినవాళ్ల చేతికి ఎక్కుతుందని లెక్క.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె నిమిరేది కాదు. వేలి కింద కదిలే నొప్పే సుళుక్కు. ఎంత నొక్కినా ఉన్నచోటే ఉండే నొప్పి అయితే చెయ్యి తీసేసేది. "ఇది నా పని కాదు. ఎముక మాట. ఆస్పత్రికి పో," అనేది. తమలపాకులు కూడా తిరిగి ఇచ్చేసేది.

రెండువేల ఐదు ఫిబ్రవరి చివర, మేము మాసి అనే నెలలో, చింతపండు కొట్టే రోజుల్లో, ఆ చేతికి నొప్పి మొదలైంది.

మా వైపు ఆ కాలంలో ఆడవాళ్లంతా ముందు ఒక రాయి పెట్టుకుని కూర్చుంటారు. ఎడమచేత్తో కాయ పెట్టి, కుడిచేతిలోని పొట్టి ఇనుప కడ్డీతో కొట్టి, గింజ తీసి పారేస్తారు. పొద్దున మొదలుపెడితే వెలుగున్నంతసేపూ అదే పని. చేతులు నొప్పిపుట్టని ఆడమనిషి ఆ నెలల్లో ఉండదు. అత్త నొప్పి అలాంటిది కాదు. మణికట్టు వెనక, సరిగ్గా నడుమ, అణా బిళ్లంత చోట. కడ్డీ దించినా పోలేదు. పండు పని అయిపోయి, తర్వాతి పంగుని నెల దాటినా పోలేదు.

దానికి ఆమె దగ్గర కారణం ఉంది. పక్కింటి సెల్లమ్మాళ్‌కు మెడ పట్టేస్తే తీసిందట. అదే నిమిషంలో మేక వచ్చి ఆరబోసిన చింతపండులో మూతి పెట్టింది. చెయ్యి కడక్కుండానే పరుగెత్తి మేక తాడు పట్టుకుంది. వారం తిరక్కముందే నొప్పి.

"సెల్లమ్మాళ్ సుళుక్కు నాకు ఎక్కింది పాపా," అంది నాతో. "నా తప్పే. నలభై ఏండ్లలో ఒక్కసారి మరిచినాను."

మామ నరసింహన్ వాకిట్లో కూర్చుని పలుపు పేనుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "అయితే నీ దగ్గరికి నువ్వే రా. ముందు గడప దగ్గర వక్కాకు పెట్టు. ఊరికే తీసుకోదంట ఆ యమ్మ."

"నవ్వు. నీ నడుము పట్టినప్పుడు చూస్తాను."

"అందుకే గదా చెప్తా ఉండాను. నా నడుము పట్టేలోపల బాగు చేసుకో."

నవ్వులాటగానే అన్నాడు కానీ, ఆ రోజునుంచి అత్త నిజంగానే తన చెయ్యి తానే నిమురుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆముదం వేడి చేసి, ఎడమ బొటనవేలితో నడుమ చోటు నొక్కి, వేళ్లు పట్టి లాగి, మణికట్టును వెనక్కి వంచేది. వంచినప్పుడు పైపెదవి మీద చెమట పట్టేది. ఆగస్టులో ఆవణి నెల వచ్చేసరికి చెయ్యి వెనక్కి సగమే వంగుతోంది. ఒకరోజు రాగి ముద్ద గెలికే కట్టె చేతిలోంచి జారి పొయ్యిలో పడింది. అదే వారం ఒక రైతు మెడ పట్టు తీయబోయి, చివరి విదిలింపు దగ్గర ఆమే కేక వేసింది. ఆ మనిషి తన నొప్పి మరచి ఆమెవంక చూశాడట.

"తీసే చెయ్యి పోతే నేను ఉత్త మాదమ్మాళ్‌నే గదా," అని నాతో అన్నది ఆ సాయంత్రమే. నేను అప్పుడు సేలంలో ఎం.ఏ. చదువుతూ శని, ఆదివారాలు ఊరికి వచ్చేదాన్ని. డాక్టరు దగ్గరికి పోదామని నేనే పట్టుబట్టాను.

ధర్మపురిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, సేలంలో చేతుల ఆపరేషన్లు మాత్రమే చేసే డాక్టరు బాలసుందరం దగ్గరికి పంపాడు. అక్కడ స్కాన్ తీశారు. బస్సులోనే అత్త నాకు షరతు పెట్టింది.

"సుళుక్కు తీస్తానని గాని, ఆముదం పెట్టి నిమిరినానని గాని చెప్పవద్దు. వాళ్లకు ఆ మాట వింటే కోపం. నేను నోరు తెరిస్తే అదే వచ్చేస్తాది. చదువుకున్నదానివి, ఏమన్నా ఉంటే నువ్వే అడుగు."

డాక్టరు మంచివాడే. ఓపికగా తమిళంలో చెప్పాడు. మణికట్టులో గులకరాళ్లలాంటి చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. నడుమ ఉన్నది నెలవంక ఆకారంలో ఉంటుంది. దానికి రక్తం అందడం లేదు. కాలువ చివరి మడికి నీళ్లు రానట్టు అది ఎండిపోతోంది. ఎండిన ఎముక బరువుకు ఒకనాడు కూలిపోతుంది. ఇంకా కూలలేదు. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే నిలబెట్టవచ్చు.

"ఏం ఆపరేషన్?" అని అడిగాను.

ముంజేతి ఎముకల్లో పెద్దదాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు కోసి పొట్టి చేసి, ప్లేటు, మరలు వేస్తామన్నాడు. కుదిరితే పక్కనుంచి రక్తనాళంతో సహా చిన్న ఎముక తునక తెచ్చి నెలవంక ఎముకలో అతుకుతామన్నాడు. రెండు నెలలు మించి ఆలస్యం చేయవద్దన్నాడు.

అత్త నా చెవి దగ్గరికి వంగింది. మా ఇంటి తెలుగులో గుసగుసగా అంది: "చెడింది చిన్న ఎముక గదా. మంచిగా ఉండే పెద్ద ఎముకను ఎందుకు కోస్తారంట? అడుగు."

తలుపు దగ్గర ఆరుగురు నిలబడి ఉన్నారు. డాక్టరు అప్పటికే తర్వాతి చీటీ చేతిలోకి తీసుకున్నాడు. అడగడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసేశాను. నాకు ఎప్పుడూ అంతే. మనసులో వాక్యం పూర్తిగా తయారవుతుంది, బయట మనుషులు ఉంటే అక్కడే ఆగిపోతుంది. "సరి సార్," అని లేచాను.

బస్టాండుకు నడుస్తూ అత్త అడిగింది: "ఏమన్నాడు?"

"అది అట్లాగే చేయాలంట అత్తా."

"ఎందుకంట?"

బస్సు వచ్చిందేమో చూస్తున్నట్టు నేను ముందుకు నడిచాను. ఆమె మళ్లీ అడగలేదు. కొంగుతో మణికట్టు చుట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తొప్పూరు కనుమ దాటాక ఒక్క మాట అంది.

"నొప్పి ఒకచోట, కోత ఒకచోట. ఆ మంచి ఎముక కూడా చెడితే నాకు ఏం మిగలతాది పాపా?"

ఇంట్లో మామ కూడా అదే అన్నాడు. నేను ఇంకోసారి పోయి అడిగి వస్తానని అన్నాను. పరీక్షలున్నాయని వాయిదా వేశాను. నిజానికి ఆ డాక్టరు గది నా కాలేజీకి రెండు మైళ్లయినా లేదు.

ఈలోగా అత్తకు పెద్దవాళ్ల మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. తీసేవాళ్లకే సుళుక్కు ఎక్కితే మూడు అమావాస్యలు వరసగా తీయాలి, ఆ మూడు నెలలూ మరొకరి ఒళ్లు ముట్టకూడదు. అలాగే చేసింది. ప్రతి అమావాస్య పొద్దున తల స్నానం చేసి, కొత్త ఆముదంతో తన మణికట్టును తానే నొక్కి, లాగి, వంచి, బూడిద నీళ్లలో రెండు చేతులూ ముంచేది. ఊళ్లోవాళ్లు వచ్చి గడప దగ్గర తమలపాకులు పెట్టి, కాదంటే మళ్లీ తీసుకుని పోయేవాళ్లు. మూడో అమావాస్య నాటికి చెంబు కూడా ఎడమచేత్తోనే ఎత్తుతోంది.

అప్పుడు మిగిలిన ఒక్క దారి శివగామి. ఆమె బొమ్మిడిలో రైల్వేస్టేషన్ వెనక ఉండే డెబ్బై ఏళ్ల ముసలామె. ఆమె కూడా మా మాటే మాట్లాడుతుంది, ఆమె కూడా ఎదురుకాళ్లతో పుట్టింది. కార్తీక నెలలో ఒక ఆదివారం నేనే అత్తను తీసుకుని పోయాను. అత్త కొంగులో తమలపాకులు కట్టుకుంది. అలా మరొకరి గడప దగ్గర వక్కాకు పెట్టడం ఆమెకు అదే మొదలు.

శివగామి వాటివంక చూసి నవ్వింది. "ఏరియూరు మాదమ్మాళా? నీ పేరు మా దాకా వచ్చింది. నా గిరాకీ అంతా నువ్వే లాగేసినావని కోపంగా ఉన్నాను."

"మీరు పెద్దవాళ్లు, పెద్దమ్మా. ఈ చెయ్యి చూడండి."

ముసలామె నూనె పూసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కడం మొదలుపెట్టింది. మణికట్టు నడుమకు రాగానే ఆగింది. ఒకసారి ఇటునుంచి నొక్కింది. ఒకసారి అటునుంచి. అత్త పళ్లు బిగించి కూర్చుంది. శివగామి కళ్లు తెరిచి, నూనె గుడ్డతో తుడిచి, చెయ్యి అత్త ఒళ్లోనే పెట్టేసింది.

"కదిలిందా?" అని అడిగింది.

అత్త కొంగు సర్దుకుంది.

"నిన్నే అడుగుతా ఉండాను. నా వేలి కింద కదిలిందా ఆ నొప్పి?"

"లే."

"ఇది వేరేవాళ్ల చెయ్యి అయ్యుంటే, మీ గడపకు వచ్చుంటే, నువ్వు ఏం చెప్పుంటావు?"

అత్త తల వంచుకుంది. మెల్లగా చెప్పింది: "ఎముక మాట, ఆస్పత్రికి పో అని."

"మరి నీకు నువ్వు చెప్పుకోలేదే?"

శివగామి తమలపాకులు తీసి అత్త చేతిలో పెట్టింది. ఆ ఆకులు చూసి అత్త ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

సేలంలో డాక్టరు కొత్త ఎక్స్‌రేను దీపానికి పెట్టి చూసి, పాతదాన్ని పక్కన పెట్టాడు. నాకు కూడా తేడా తెలిసింది. నెలవంకలా ఉన్నది నలిగి, చదునై, రెండు ముక్కలైంది. ఇప్పుడు పెద్ద ఎముకను పొట్టి చేసి లాభం లేదన్నాడు. మిగిలినవి రెండే దారులు. మణికట్టును కదలకుండా పూర్తిగా అతికేయడం ఒకటి. నొప్పి పోతుంది, చెయ్యి ఇక వంగదు. రెండోది, చచ్చిన ఎముకతోపాటు దానికి అటూ ఇటూ ఉన్న రెండింటినీ తీసేయడం. అప్పుడు సగం వంగుతుంది. పట్టు కొంత తగ్గుతుంది.

ఆ రోజు కూడా తలుపు దగ్గర జనం ఉన్నారు. అయినా అడిగాను. "సార్, మొదట చెప్పిన ఆపరేషన్‌లో మంచి ఎముకను ఎందుకు కోయాలన్నారు?"

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "ఒక దూలాన్ని ఇద్దరు పక్కపక్కన నిలబడి భుజాలమీద మోస్తే, బరువంతా పొడుగువాడిమీదే పడుతుంది కదా? ఈ అమ్మ ముంజేతిలో పెద్ద ఎముక పక్కదానికంటే కొంచెం పొడుగు. చెయ్యి బిగించినప్పుడల్లా బరువు దానిమీదే పడి, దాని ముందున్న ఈ చిన్న ఎముక నలిగింది. పొడుగువాణ్ణి కాస్త పొట్టి చేస్తే బరువు ఇద్దరూ పంచుకుంటారు. చిన్నదానికి తెరిపి దొరుకుతుంది. అంతే."

అర నిమిషం పట్టింది ఆయనకు.

"ఇంతేనా?" అంది అత్త. ఆమె నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

తర్వాత ఆమే నోరు విప్పింది. సుళుక్కు తీయడం, చెయ్యి కడగకపోవడం, మేక, ఆముదం, మూడు అమావాస్యలు, అన్నీ చెప్పింది. డాక్టరు కోప్పడలేదు. రక్తం ఎందుకు ఆగిందో తమకు కూడా సరిగ్గా తెలియదన్నాడు. చెయ్యి కడగకపోవడంవల్ల మాత్రం కాదన్నాడు.

"అయితే నా తప్పు లేదా సామీ?"

ఆయన కలానికి మూత పెట్టాడు. "జబ్బు రావడంలో లేదమ్మా," అన్నాడు.

అత్తకు ఆ జవాబులో మిగిలిన సగం కూడా అర్థమైంది. సగమన్నా వంగే చెయ్యే కావాలంది.

సంక్రాంతి దాటాక, తై నెలలో ఆపరేషన్ జరిగింది. చంకలో సూది వేసి చేతిని మాత్రమే మొద్దుబార్చారు. అడ్డంగా గుడ్డ కట్టారట గానీ మాటలన్నీ వినిపించాయట. కుట్లు వేశాక అత్త అడిగిన మొదటి మాట, తీసిన ఎముకలు చూపించమని.

"చూసి ఏం చేస్తారమ్మా?" అంది నర్సు.

"ఒక్కసారి నొక్కి చూడల్ల."

డాక్టరు నవ్వి సరేనన్నాడు. స్టీలు పళ్లెంలో మూడు తెచ్చారు. రెండు గట్టిగా, తడిగా, పాలరాతి ముక్కల్లా ఉన్నాయట. మూడోది రెండు ముక్కలు. ఎడమ బొటనవేలితో నొక్కితే నానిన సున్నపు పెళ్లలా వేలి కింద విరిగిందట. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఏడు చింతపండు కొట్టడానికి ఆమె కూర్చోలేదు. కట్టు విప్పాక రోజూ రెండు పూటలా వేడినీళ్లలో చెయ్యి పెట్టి, నర్సు నేర్పినట్టు వంచేది. మామ పక్కన కూర్చుని, గోడకు చెయ్యి ఆనించి ఎంత వంగిందో బొగ్గుతో గీత గీసేవాడు. ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు. ఏప్రిల్‌లో, చిత్తిరై నెల మొదట్లో గీతలు పైకి పోవడం మానేశాయి. అన్నీ ఒకేచోట, ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. నొప్పి పోయింది. ముద్ద గెలుకుతోంది. జడ అల్లుకుంటోంది. కానీ ఆ విదిలింపుకు చాలుతుందా అన్నది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

మరుసటి నెల వైకాశిలో ఒక పొద్దున రంగనాథన్ కుంటుతూ వచ్చాడు. తమలపాకులు గడప దగ్గర పెట్టాడు.

"ఏంరా, మళ్లీనా?"

"బస్సు మాట వినలేదు అక్కా."

"బొమ్మిడికి పోయుండాల్సింది."

"ఆ ముసలమ్మ దగ్గర అరిస్తే ఎవరు వింటారు? నాకు ఈ ఊరే వినల్ల."

అత్త నన్ను చూసింది. నేను ఆముదం వెచ్చచేసి తెచ్చాను. బూడిద నీళ్ల చెంబు ఆమే కలిపి పక్కన పెట్టుకుంది. కాలు ఒళ్లో పెట్టుకుని పిక్కనుంచి నొక్కుతూ వచ్చింది. వేలు ఆగింది. పట్టు దొరికినట్టు ఆమె ముఖంలోనే తెలిసింది. మెల్లగా తోసుకుంటూ మడమ దాకా తెచ్చింది. అక్కడ మణికట్టును పైకి విసిరింది. చెయ్యి సగం లేచి ఆగింది. బొటనవేలు నూనెమీద జారిపోయింది. ఇంకోసారి చేసింది. మళ్లీ అక్కడే ఆగింది.

రంగనాథన్ కేక వేశాడు. ఎప్పటికంటే గట్టిగానే వేశాడు. లేచి నాలుగడుగులు నిటారుగా వేశాడు.

"పోయింది అక్కా! పూరా పోయింది. నీ చెయ్యి చెయ్యే."

"సరి, పో. బస్సుకు టైమాయె."

అతను చెయ్యి ఊపి, వీధి వెంట చక్కగా నడిచి పోయాడు. పాలకేంద్రం మలుపు దాకా అలాగే నడిచాడు. మలుపు తిరిగాక కంచె సందులోంచి మాకు కనబడతాడని అతనికి తెలియదు. అక్కడ ఆగి, కంచె కర్ర పట్టుకుని, కాలు ఎత్తి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కుంటుకుంటూ పోయాడు.

అత్త చూసింది. నేను చూశానో లేదో ఆమె అడగలేదు.

నూనె అంటిన చేతిని కొంగుకే తుడుచుకుంది. చెంబులో బూడిద అడుగుకు దిగి, పైన నీళ్లు తేటగా ఉన్నాయి.

"అత్తా, చెయ్యి కడగలేదే," అన్నాను.

"ఏం ఎక్కిందని కడగల్ల?" అంది. చెంబు ఎడమచేత్తో ఎత్తి, నీళ్లు మునగచెట్టు మొదట్లో పోసి, తమలపాకులు తీసుకుని లోపలికి పోయింది.